అవునా, కాదా: ప్రశ్నలతో ముడి విప్పే ఆట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఈ ఆట ఏమిటి?

ఒకరు చిన్న సంఘటన చెబుతారు, మూడు నాలుగు వాక్యాల్లో. వింటే అందులో ఏదో పొసగదు. అసలేం జరిగిందో చెప్పినవాళ్ళకి తెలుసు. మిగిలినవాళ్ళు ప్రశ్నలు అడుగుతూ దాన్ని బయటికి లాగాలి. షరతు ఒక్కటే: ప్రతి ప్రశ్నా అవును, కాదు అని జవాబు చెప్పగలిగేలా ఉండాలి. ఎందుకు, ఎవరు, ఎక్కడ అని అడగకూడదు.

బోర్డు అక్కర్లేదు, పేకముక్కలు అక్కర్లేదు. కరెంటు పోయిన సాయంత్రం డాబా మీద ఆడుకోవచ్చు, రైల్లో బెర్తులు వాల్చేలోపు ఆడుకోవచ్చు. ఆరేళ్ళ పిల్ల నుంచి అమ్మమ్మ దాకా అందరూ ఒకే ఆటలో కూర్చోగలగడం నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన సంగతి. కింద రాసినదాంట్లో కథని "ముడి" అంటాను. మనుషులు రెండు రకాలు: చెప్పేవాళ్ళు, అడిగేవాళ్ళు.

పొడుపు కథ కూడా ఇలాంటిదే కదా?

దగ్గరి చుట్టమే, కానీ ఆడే తీరు వేరు. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అంటే జవాబు కనురెప్పలు. అక్కడ కావలసినవన్నీ మాటల్లోనే ఉన్నాయి. తడితే వెంటనే తడుతుంది, లేకపోతే ఓడిపోయామని ఒప్పుకుంటాం. ముడిలో అలా కాదు. కావలసిన సంగతి కథలో ఉండదు, మనం అడిగి తెచ్చుకోవాలి. అందుకే ఇక్కడ చురుకైనవాడు ఒక్కడే గెలవడు. ఒకరి ప్రశ్న ఇంకొకరికి దారి చూపిస్తుంది.

ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

అవును-కాదు ప్రశ్నలతో ఊహించే ఆటలు చాలా పాతవి. "ఇరవై ప్రశ్నలు" అనే ఆట 1946లో అమెరికా రేడియోలో కార్యక్రమంగా మొదలైంది, మరుసటి ఏడు బీబీసీకీ వచ్చింది. అందులో జంతువా, వృక్షమా, ఖనిజమా అన్న దగ్గర మొదలుపెట్టి ఒక వస్తువుని కనుక్కుంటారు. వస్తువుకి బదులు సంఘటన పెడితే మన ఆట అవుతుంది. ఇంగ్లీషు లోకంలో వీటిని లేటరల్ థింకింగ్ పజిల్స్ అంటారు, అంటే తిన్నగా కాకుండా పక్కదారిన ఆలోచించి విప్పేవి. లేటరల్ థింకింగ్ అన్న మాటని 1967లో రచయిత ఎడ్వర్డ్ డి బోనో వాడుకలోకి తెచ్చారు. జపాన్‌లోనూ చైనాలోనూ ఈ ఆట పేరే "సముద్రపు తాబేలు సూపు". హోటల్లో సూపు రుచి చూసిన ఒక మనిషి గురించిన పాత ముడి అక్కడ అంతగా పాకిపోయింది. అది పిల్లల ముందు చెప్పే కథ కాదు, కాబట్టి ఇక్కడ విప్పడం లేదు.

ఎంతమంది ఉండాలి?

ఇద్దరు చాలు. నలుగురైదుగురు ఉంటే బాగా సాగుతుంది. పది దాటితే జట్లు కట్టండి.

చెప్పేవాళ్ళు అవును, కాదు తప్ప ఇంకేమీ అనకూడదా?

ఇంకో రెండు జవాబులు కావాలి. మొదటిది "సంబంధం లేదు". ఆయన చొక్కా రంగేమిటో కథకి అక్కర్లేనప్పుడు నీలమా, తెలుపా అని అరగంట తవ్వుకోకుండా ఇది కాపాడుతుంది. రెండోది "ప్రశ్నలోనే పొరపాటుంది". కథలో భర్త ఊసే లేనప్పుడు "ఆవిడ భర్తకి ఈ సంగతి తెలుసా?" అంటే, కాదు అని చెప్పినా భర్త ఉన్నట్టే అయిపోతుంది. అలాంటప్పుడు ఈ జవాబు చెప్పాలి.

మన భాషలో ఇంకో జాగ్రత్త ఉంది. "ఆయన రాలేదా?" అని అడిగితే ఒకరు "అవును" అంటారు, రాలేదని. ఇంకొకరు "లేదు" అంటారు, అదే అర్థంలో. అడిగినవాళ్ళు దాన్ని తలకిందులుగా తీసుకుంటే ఆట మొత్తం పక్కదారి పడుతుంది. అందుకని "లేదా", "కాదా" అని ముగిసే ప్రశ్నలు వద్దని ముందే చెప్పుకోండి. "ఆయన వచ్చాడా?" అంటే ఏ తకరారూ ఉండదు.

ఒక ఆట మొదటి నుంచి చివరిదాకా చూపిస్తారా?

ఇదీ ముడి: "రాత్రి తొమ్మిదింటికి ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయింది. సావిత్రమ్మ పక్కనే కూర్చుని ఉంది, ఎత్తలేదు. అప్పటిదాకా అన్నం ముట్టని మనిషి, లేచి కంచం పెట్టుకుంది."

పిల్లలు అడుగుతున్నారు, పెద్దమ్మ చెబుతోంది అనుకోండి.

— పెద్దమ్మా, ఆవిడకి చెవుడా?
— కాదు.
— ఫోను పాడైపోయిందా?
— కాదు.
— చేసినవాళ్ళంటే ఆవిడకి కోపమా?
— కాదు.
— ఆ రోజు ఉపవాసమా? తొమ్మిదింటికి అయిపోయిందా?
— కాదు.
— చేసింది ఎవరో ఆవిడకి తెలుసా?
— తెలుసు. అవును.
— ఆవిడ ఎత్తాలని అవతలివాళ్ళు అనుకున్నారా?
— కాదు.

ఇక్కడ అందరూ ఒక్క క్షణం ఆగుతారు. ఫోను చేసేది ఎత్తడానికే అని ఎవరూ చెప్పలేదు, మనమే అనుకున్నాం. ఈ ఒక్క "కాదు"తో కథ తిరిగిపోయింది.

— అయితే ఎత్తితే నష్టమా?
— అవును.
— డబ్బు నష్టమా?
— అవును.
— ఇది ఈ మధ్య జరిగిందా?
— కాదు.
— రెండుసార్లు మోగడమే కబురా?
— అవును!
— మంచి కబురా?
— అవును.
— ఆవిడ ఇంట్లోవాళ్ళెవరైనా ప్రయాణంలో ఉన్నారా?
— అవును.

మిగతాది పిల్లలే చెప్పేస్తారు. కొడుకు సెలవులైపోయి బస్సెక్కి హైదరాబాదు వెళ్ళాడు. క్షేమంగా చేరితే రెండు రింగులిచ్చి పెట్టేస్తానని ముందే అనుకున్నారు. ఎత్తితే కాల్ ఛార్జీ పడుతుంది, ఎత్తకపోతే పైసా ఖర్చు లేదు. కొడుకు చేరాడని తెలిసేదాకా ఆవిడకి అన్నం సహించలేదు. మిస్డ్ కాల్‌తో కబుర్లు చెప్పుకున్న తరానికి ఇది నాలుగు ప్రశ్నల్లో విడిపోతుంది. అన్‌లిమిటెడ్ ప్యాక్ ఉన్న పిల్లలకి చాలాసేపు పడుతుంది. "ఇది ఈ మధ్య జరిగిందా?" అన్న ప్రశ్న వాళ్ళకి తట్టడమే కష్టం.

మొదట ఏం అడగాలి?

సగానికి కోసే ప్రశ్న. నేను 1 నుంచి 1000 లోపు ఒక అంకె అనుకున్నాననుకోండి. "372 నా?" అని అడిగితే కాదు అంటాను, ఇంకా 999 మిగిలే ఉంటాయి. "500 దాటిందా?" అంటే ఒక్క జవాబుతో సగం పోతాయి. ఇలా సగాలు చేసుకుంటూ పోతే పదే పది ప్రశ్నల్లో దొరికిపోతుంది. ఇరవై ప్రశ్నలుంటే 10,48,576 వస్తువుల్లోంచి ఒకదాన్ని పట్టుకోవచ్చు. 1948లో గణితవేత్త క్లాడ్ షానన్ సమాచారాన్ని కొలిచే లెక్క కట్టినప్పుడు ఆధారం చేసుకున్న "బిట్" కూడా ఇదే: రెండు వైపులా సమానంగా అవకాశమున్న ఒక అవును-కాదు ప్రశ్నకి వచ్చే జవాబు.

కథల్లో కూడా మొదటి నాలుగైదు ప్రశ్నలు ఈ పద్ధతిలోనే అడగండి. ఇది ఇంట్లో జరిగిందా? ఇంకో మనిషి ఉన్నాడా? ఇది అతని ఉద్యోగానికి సంబంధించినదా? ఈ రోజుల్లోదా?

అయితే సగాలు చేయడం ఒక్కటే చాలదు. అంకెల ఆటలో వెయ్యి అంకెలూ మన కళ్ళ ముందు ఉంటాయి. ముడిలో ఏమేమి జరిగి ఉండొచ్చో జాబితా మన దగ్గర లేదు. అసలు సమాధానం మన జాబితాలోకి రాకుండా ఏదో అడ్డుపడుతోంది. సావిత్రమ్మ కథలో ఆ అడ్డు ఫోను ఎత్తడానికే మోగుతుందన్న నమ్మకం. చెవుడా, కోపమా, ఉపవాసమా అని ఎంత చక్కగా సగాలు చేసినా ఆ నమ్మకం కదలదు. దాన్నే ప్రశ్నగా మార్చి అడిగిన పిల్ల ముడి విప్పింది. ఈ ఆటలో నేర్చుకోవలసిన పెద్ద విద్య ఇదేనని నా గట్టి నమ్మకం: ఏ మాట కథలో ఉంది, ఏ మాట మనం కలుపుకున్నాం అన్నది విడదీయడం.

"కాదు" అని వస్తే ప్రశ్న వృథా అయినట్టేనా?

కానే కాదు. పిల్లలు "కాదు" వినగానే ముఖం చిన్నబుచ్చుకుంటారు. పెద్దవాళ్ళు "అవును" వచ్చే ప్రశ్నలే వెతుక్కుంటారు, అది ఇంకా ప్రమాదం.

1960లో ఇంగ్లండ్‌కి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ వేసన్ ఒక ప్రయోగం ప్రకటించారు. 2, 4, 6 అనే మూడంకెలు ఒక నియమానికి సరిపోతాయి, ఆ నియమం కనుక్కోండి అన్నారు. మీరు మూడేసి అంకెలు చెబుతూ పోవచ్చు, ఆయన సరిపోతుందో లేదో చెబుతారు. చాలామంది రెండేసి పెరిగే సరి సంఖ్యలని అనుకుని 8, 10, 12 అన్నారు. సరిపోతుందన్నారు. ఇంకో రెండు అలాంటివే చెప్పి, మళ్ళీ మళ్ళీ "అవును" విని, ధీమాగా నియమం ప్రకటించారు. తప్పు. అసలు నియమం అంకెలు పెరుగుతూ పోవాలి, అంతే. 1, 2, 50 అని అడిగి ఉంటే ఒక్క దెబ్బకి తెలిసేది. తమ ఊహని పడగొట్టే ప్రశ్న అడగాలని ఎక్కువమందికి తోచలేదు.

మీకు కథ అర్థమైపోయిందనిపించినప్పుడు దాన్ని నిలబెట్టే ప్రశ్న కాకుండా పడగొట్టే ప్రశ్న ఒకటి అడగండి.

ఇరవై ప్రశ్నలైనా కదలట్లేదు. ఏం చేయాలి?

ముడిని మళ్ళీ ఒకసారి పైకి చదివించుకోండి, నెమ్మదిగా. ప్రతి మాట దగ్గరా ఆగండి. "అతను" అంటే మనిషేనా? "పడిపోయాడు" అంటే నేల మీదేనా? రెండు సంఘటనలు ఒకే రోజు జరిగాయా? ఈ చివరి ప్రశ్న చాలామంది మర్చిపోతారు.

తర్వాత ఇప్పటిదాకా తెలిసినవన్నీ ఒకరు వరసగా చెప్పండి. "సంబంధం లేదు" వచ్చినవి కూడా. అప్పటికీ లేకపోతే ఒక క్లూ అడగండి, అందులో పరువు పోయేదేమీ లేదు. చెప్పేవాళ్ళు కూడా "ఆ ప్రశ్న బాగుంది, అక్కడే తవ్వండి" అనొచ్చు. ముడి విప్పలేకపోయారని పట్టుబట్టి కూర్చుంటే ఆట చచ్చిపోతుంది.

చెప్పేవాళ్ళు మధ్యలో తప్పు జవాబు చెబితే?

గుర్తొచ్చిన క్షణమే చెప్పేయాలి: "ఇందాక ఫలానా ప్రశ్నకి కాదన్నాను, అది అవును." దాచి కథని సర్దితే అడిగేవాళ్ళ శ్రమంతా గాలికి పోతుంది. ఈ ఆట మొత్తం చెప్పేవాళ్ళ నిజాయితీ మీద నిలబడి ఉంది.

భౌతిక శాస్త్రవేత్త జాన్ వీలర్ ఒక అనుభవం చెప్పేవారు. ఇరవై ప్రశ్నల ఆటలో ఆయన్ని గది బయటికి పంపి, లోపలివాళ్ళు ఏ మాటా అనుకోకూడదని ఒప్పందం చేసుకున్నారు. ఎవరికి తోచిన జవాబు వాళ్ళు చెప్పొచ్చు, కానీ అంతకు ముందు వచ్చిన జవాబులన్నిటికీ సరిపోయే మాట ఒకటి మనసులో ఉండాలి. ప్రశ్నలు పెరిగేకొద్దీ జవాబులు ఆలస్యంగా రావడం మొదలైంది. చివరికి ఆయన "మేఘమా?" అంటే, అవునని అందరూ నవ్వేశారట. క్వాంటం సిద్ధాంతం వివరించడానికి ఆయన ఈ కథ వాడుకున్నారు. ఇంట్లో మాత్రం కథ ముందే ఖాయంగా ఉండాలి.

మా జవాబు కూడా కథకి సరిపోతోంది. ఒప్పుకోరా?

ప్రతి వాక్యానికీ, ఇచ్చిన ప్రతి జవాబుకీ సరిపోతే ఒప్పుకోవాలి, మెచ్చుకోవాలి కూడా. ఆ తర్వాత అసలు కథ చెప్పండి. ఒకే ముడికి నాలుగు సమాధానాలు పొసుగుతుంటే ముడి వదులుగా ఉందని అర్థం, ఒక వాక్యం కలిపి బిగించాలి.

జవాబు ముందే తెలిసినవాళ్ళుంటే?

మొదట్లోనే చెప్పేసి, చెప్పేవాళ్ళ పక్కన కూర్చోవాలి. తెలిసీ తెలియనట్టు అడగడం మిగతావాళ్ళకి అన్యాయం.

సొంతంగా ముడి ఎలా తయారు చేయాలి?

చివరి నుంచి మొదలుపెట్టండి. ముందు జరిగింది మొత్తం రాసుకోండి, తర్వాత అన్నిటినీ కలిపే ఒక్క సంగతి తీసేయండి.

ఒకటి చేసి చూద్దాం. ఒకాయన కూతురి పెళ్ళి శుభలేఖలు పంచుతున్నాడు. బాగా కావలసినవాళ్ళ ఇంటికి వచ్చాడు. వీధంతా ముగ్గులున్నాయి, ఆ వాకిట్లో లేదు. ఇంట్లో ఎవరో పోయారని, మైలలో ఉన్నారని అర్థమైంది. మైల ఇంట్లో శుభలేఖ ఇవ్వకూడదని, తర్వాత పరామర్శకి వద్దామని వెళ్ళిపోయాడు. ఇప్పుడు ముగ్గు తీసేయండి. మిగిలింది ఇది: "శుభలేఖలు పంచుతున్నాయన తనకి బాగా ఇష్టమైనవాళ్ళ గేటు దాకా వచ్చాడు. తలుపు తీసే ఉంది, లోపల మనుషులున్నారు, ఎవరూ ఏమీ అనలేదు. కవరు మళ్ళీ సంచిలో పెట్టుకుని వెనక్కి వెళ్ళిపోయాడు." గొడవలా, అప్పులా, చిరునామా తప్పా అని అందరూ అటువైపే పోతారు. ఆయన ఏదో చూశాడా అని అడిగినవాళ్ళు దారిలో పడతారు. చూడవలసినది లేకపోవడం చూశాడని తెలియడానికి ఇంకాస్త పడుతుంది.

తెలుగులో రాసేవాళ్ళకి ఒక చిక్కు: క్రియ చివర ఆడో మగో తెలిసిపోతుంది. తండ్రీకొడుకులకి యాక్సిడెంటై తండ్రి పోతే, కొడుకుని చూసిన సర్జన్ "వీడు నా కొడుకు, నేను ఆపరేషన్ చేయలేను" అన్న పాత ముడి వినే ఉంటారు. ఆ సర్జన్ పిల్లాడి తల్లి. "అన్నాడు" అంటే అబద్ధం, "అంది" అంటే ముడే లేదు. "సర్జన్ గారు అన్నారు" అంటే రహస్యం నిలుస్తుంది. గౌరవ వాచకం ఇక్కడ ఎంత పనికొస్తుందో చూడండి.

విదేశాల్లో పెరిగిన మన పిల్లలతో ఆడొచ్చా?

తప్పకుండా. కానీ ముడి ఎవరికి న్యాయంగా ఉంటుందో చూసుకోండి. "బస్సు ఇంకా పూర్తిగా ఆగలేదు. ఒకాయన కిటికీలోంచి తన కర్చీఫ్ లోపలికి వేసి, నిదానంగా నడుచుకుంటూ వెళ్ళి ఎక్కాడు." ఆర్టీసీ బస్సులెక్కినవాళ్ళకి ఇది ముడే కాదు, సీటు ఆపుకున్నాడు. డాలస్‌లో పుట్టిన పిల్లాడికి ఇది అసలైన మిస్టరీ. ఇలాంటివాటికి ప్రశ్నల లెక్క పెట్టకండి, క్లూలు ధారాళంగా ఇవ్వండి. వాళ్ళు కూడా తమ స్కూలు జీవితం నుంచి ముళ్ళు వేస్తే తాతయ్యలూ అమ్మమ్మలూ తల పట్టుకుంటారు. వీడియో కాల్లో "తిన్నావా, చదువుతున్నావా" తర్వాత మాటలు దొరకని ఇళ్ళకి ఈ ఆట బాగా ఉపయోగపడుతుంది.

తరగతిలో ఆడించొచ్చా?

ఆడించండి. గట్టిగా అరిచే నలుగురే అడగకుండా, వరసలో ఒక్కొక్కరికి ఒక్కో ప్రశ్న ఇవ్వండి. వచ్చిన జవాబుల్ని బోర్డు మీద రాయండి. పాత ముళ్ళలో ఎక్కువ భాగం చావులూ హత్యలే, అవి పిల్లలకి అక్కర్లేదు. రోజువారీ జీవితంలో దొరికేవే ఎక్కువ ఆసక్తిగా ఉంటాయి.

కంప్యూటర్‌తో ఆడొచ్చా?

2007లో ఫ్రాన్స్‌లో మొదలైన ఆకినేటర్ అనే ఇంటర్నెట్ ఆటలో, మీరు అనుకున్న మనిషిని అది ప్రశ్నలడిగి కనుక్కుంటుంది, సరదాగానే ఉంటుంది. కానీ అక్కడ అడిగేది యంత్రం, మీరు జవాబులు చెప్పేవాళ్ళు. మెదడుకి పని కావాలంటే మీరే అడగాలి.

ఆట బయట ఇది పనికొస్తుందా?

రోజూ. రాత్రి ఇంట్లో కరెంటు పోయింది. పక్కింట్లో ఉందా? అవును. అయితే చాలావరకు తేడా మన ఇంటి వైపే. బోర్డులో ఎంసీబీ (తేడా వస్తే దానంతటదే కరెంటు ఆపేసే స్విచ్చు) కిందికి పడిందా? అవును. పైకి నెడితే నిలుస్తోందా? కాదు. ఇంట్లో స్విచ్చులన్నీ ఆపేసి నెడితే? నిలిచింది. ఇప్పుడు ఒక్కొక్క స్విచ్చే వేస్తూ రండి. గీజరు వేయగానే మళ్ళీ పడిపోయిందంటే లోపం గీజరులోనో దాని వైరింగులోనో ఉంది. దాన్ని ఆపేసి, పొద్దున ఎలక్ట్రీషియన్‌ని పిలిచి నేరుగా అదే చూపించొచ్చు. మంచి మెకానిక్కులూ డాక్టర్లూ ఇలాగే అడుగుతారు, గమనించండి.

ఇప్పుడే ఆడటానికి కొన్ని ముళ్ళు ఇస్తారా?

మూడు ఇస్తున్నాను. జవాబులు కిందే ఉన్నాయి, చెప్పేవాళ్ళొక్కరే చదవండి.

మొదటిది, చిన్నపిల్లలకి: పెళ్ళిలో ఒకాయన ప్రతి వంటకం కొంచెం కొంచెం రుచి చూశాడు. విస్తరి ముందు కూర్చోలేదు, భోజనం చేయలేదు, సంతోషంగా ఉన్నాడు.

రెండోది: రాధ మూడు గంటలు కూర్చుని పరీక్ష రాసింది. ఆ ప్రశ్నల్లో చాలావాటికి ఆమెకి జవాబులు తెలియవు, కాపీ కొట్టలేదు. ఆ పేపరుకి ఫస్ట్ క్లాస్ మార్కులొచ్చాయి, రాధకి మాత్రం కాదు.

మూడోది: రైతు వాన కోసం మొక్కుకున్నాడు. వాన పడింది. వానలో నిలబడి ఏడ్చాడు.

జవాబులు. మొదటాయన వంట మాస్టరు. రాధ కళ్ళు కనిపించని విద్యార్థికి స్క్రైబ్‌గా వెళ్ళింది, అతను చెబుతుంటే రాసింది. రైతు మొక్కుకున్నది జూన్‌లో, నాట్ల కోసం. ఏడ్చింది నవంబరులో, కోసిన వడ్లు కళ్ళంలో ఆరబోసి ఉండగా తుఫాను వాన పడినప్పుడు. ఈ మూడోదానిలో "రెండూ ఒకే నెలలో జరిగాయా?" అని ఎవరైనా అడిగితే, జవాబు చెప్పే ముందు ఆ ప్రశ్నని అందరికీ వినిపించేలా ఇంకోసారి అడగమనండి.